చుట్టుదారి

ఆటు మొదలై గంటన్నర.
సముద్రం తన దుప్పటి తానే లాక్కుంటూ
వెనక్కి, ఇంకా వెనక్కి జరుగుతోంది.
ట్రైపాడ్ మూడు కాళ్లూ బురదలో దిగబడిపోతుంటే
ఒక్కొక్కటే పీకి మళ్లీ పాతుతున్నాను.
కొరియా పడమటి తీరం. ఏప్రిల్ పందొమ్మిది.
కళ్లద్దాల మీద ఉప్పు.

వెతుకుతున్నది ఒక్క పిట్టని.
పొడుగుముక్కు ఉల్లంకి. ఆడది.
కాలికి తెల్ల ప్లాస్టిక్ పట్టీ,
దాని మీద మూడు అక్షరాలు.
న్యూజిలాండ్‌లో ఎవరో కట్టారు.
అక్కణ్ణించి ఇక్కడిదాకా, వారం పైనే,
ఎక్కడా దిగకుండా, గుక్కెడు తాగకుండా వస్తుందట.
బయల్దేరేముందు కడుపారా మేసి
ఆ తర్వాత పేగుల్నే కుదించుకుంటుందట
మూట తేలికవడానికి.
నాలుగు వసంతాల ఫోటోలు నా దగ్గరున్నాయి.
ఐదోది కావాలి.

పక్కన ఓ కుర్రాడు. తే-హ్యోక్ అని చెప్పాడు.
వాడి లెన్సు ఖరీదు పధ్నాలుగు నెలల నా పెన్షను.
"తలవంచుకుని మేసే పిట్ట ఎవడిక్కావాలి సార్,
గుంపు లేవాలి, ఆకాశం నిండాలి" అంటూ
చప్పట్లు కొట్టాడు. రెండే రెండు.

లేచాయి.
అబద్ధమెందుకు, అందంగానే లేచాయి.
తడిగుడ్డని రెండు కొసలా పట్టి విదిలించినట్టు
ఒక్కసారి వెండై, మలుపులో బూడిదై,
మళ్లీ వెండై.
నా వేలు మాత్రం ఆగిందా?
సెకనుకి పన్నెండు చొప్పున
నేనూ దోచుకున్నాను.

అప్పుడు వినపడింది తిట్టు.
చెక్కపలక మీద ఒక మోకాలు ఆనించి
రెండో కాలితో బురదని తన్నుకుంటూ
గుల్లలు ఏరే ఒక్‌బున్ అవ్వ.
ముందు ఆమె టోపీ కనపడింది, తర్వాత బుట్ట,
కోపం మాత్రం అన్నిటికన్నా ముందే వచ్చేసింది.
"కంచం ముందు కూర్చున్నవాణ్ణి లేపి
ఫోటో తీస్తార్రా ఎవరైనా?"

ఆమె వచ్చిన దారి అప్పుడు చూశాను.
తిన్నగా వస్తే మూడొందల బారలు.
పలక గీసిన గీత మాత్రం
పిట్టలు మేసే మేర దాటేదాకా
కొడవలిలా వంగి, ఒడ్డు వారనే తిరిగి
రెట్టింపు దూరం వచ్చింది.
డెబ్భైనాలుగేళ్ల మోకాలు.
రోజూ ఇంత చుట్టా, అవ్వా?
"మరి? అవొచ్చి నా వంటింట్లో దూరలేదు,
నేనే వాటి పళ్లెంలోకి వచ్చాను."

బుట్ట కడుక్కుంటూ గెడ్డంతో అటు చూపించింది.
దూరంగా సముద్రానికి అడ్డం కట్టిన గోడ.
దాని లోపల ఆమె అత్త చూపించిన గుల్లల మడి ఉండేదట.
నీళ్లు ఆపేసిన మరుసటేడు కూడా
ఈ పిట్టలు అక్కడే దిగాయట.
నెర్రెలిచ్చిన నేలని పొడిచి
పొడిచి
తల పక్కకి తిప్పి చూసి
మళ్లీ పొడిచాయట.
అంతే చెప్పింది. గుల్లలు లెక్కపెట్టుకుంది.

తే-హ్యోక్ ఏమీ అనలేదు.
పలక తోసిపెడతానని ముందుకెళ్లి
తొడలదాకా కూరుకుపోయాడు.
వాణ్ణి లాగడానికి ఇద్దరం పట్టాం.
వాడి బూటు ఒకటి ఇంకా అక్కడే ఉంది.

పోటు ముఖం తిప్పేవేళకి
గుంపు మెల్లగా వచ్చి వాలింది,
అవ్వ తవ్విన గుంటల వెంబడి,
మన్ను గుల్లబారిన చోట.
అందులో ఒకదాని కాలికి
తెల్లగా ఏదో.
అక్షరాలు బురద కింద.
ఇంకో పది అడుగులు వేస్తే చదవొచ్చు.

ఇంచాన్‌లో ఇరవయ్యారేళ్లు సిటీబస్సు నడిపాను.
ఆపాల్సిన గీత ఎక్కడుందో
కాలికి దానంతటదే తెలిసిపోతుంది.

లెన్సుకి మూత పెట్టాను.
పుస్తకంలో తేదీ, గాలి దిక్కు రాసి
దాని కింద రాసుకున్నాను:
తెల్ల పట్టీ. పేరు తెలియలేదు.
మేస్తోంది.